సరుకు తిరిగొచ్చే కౌంటరు

సెప్టెంబరు 21, 2025. ఆదివారం

మా షాపు షట్టరు దించాక అసలు పని మొదలైంది. తెల్లారితే కొత్త జీఎస్టీ. 12, 28 శ్లాబులు తీసేశారు. ఇంట్లో వాడే సరుకులు చాలావరకు 5లోకి దిగాయి. ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్లు, నెయ్యి, వెన్న. ప్యాకెట్ పనీరుకు అసలు పన్నే లేదు. టీవీలు, ఏసీలు 28 నుంచి 18కి వచ్చాయి. బట్టలుతికే పౌడరు మాత్రం 18లోనే ఉండిపోయింది. "ఒంటి సబ్బుకి తగ్గింది, బట్టల పౌడరుకి తగ్గలేదేటి?" అని పొద్దున్నే అడుగుతారు. వాళ్లకి నిదానంగా చెప్పాల్సింది కస్టమర్ డెస్కులో కూర్చునే మా పిల్లలే.

అర్ధరాత్రి దాటేసరికి హెడ్డాఫీసు నుంచి కొత్త రేట్లు దిగాయి. వేల సరుకులు, ఒక్కటి కూడా తప్పలేదు. అయిదారు రకాలు స్కాన్ చేసి చూశాను. పాత ప్యాకెట్ మీద పాత ఎమ్మార్పీ ఉన్నా బిల్లులో కొత్త ధర పడుతోంది. నేను కౌంటర్లో చేరిన రోజుల్లో ధర మారితే స్టిక్కర్ గన్ పట్టుకుని ఒక్కో డబ్బాకీ కొట్టేవాళ్లం, రెండు మూడు రోజులు పట్టేది, ఈలోగా పాత ధర చూసినవాడూ కొత్త ధర చూసినవాడూ కౌంటరు దగ్గర గొడవపడేవారు. ఇవాళ టెక్నాలజీ చేసిన ఉపకారం చిన్నది కాదు. తగ్గిన పన్ను తగ్గినట్టుగా కొనేవాళ్ల చేతికి పోతోంది. అల్మరాల మీది కాగితం లేబుళ్లు మాత్రం చేత్తోనే మార్చాలి. పిల్లలు తెల్లవారుజాము మూడింటిదాకా మారుస్తూనే ఉన్నారు. వాళ్లకి టీ పెట్టించాను.

ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు. ఒక రాత్రిలో ఊరంతటికీ రేటు మార్చగలిగిన సిస్టం, పోయిన వారం ఒకావిడ తిరిగి తెచ్చిన ఫ్లాస్కు బిల్లు వెతకలేకపోయింది. ఆవిడ కొన్నది మా దగ్గరే. ఫోన్ నంబరు చెప్పింది. ఆ నంబరు కొడితే నా స్క్రీన్ మీద ఆవిడ లాయల్టీ పాయింట్లు కనిపించాయి, పుట్టినరోజు కనిపించింది, ఈ నెల ఆవిడకి పంపిన ఆఫర్లు కనిపించాయి. బిల్లు కనిపించలేదు. డెస్క్ లాగిన్‌కి ఆ అనుమతి లేదు, హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాలి, రెండు పని దినాలు ఆగాలి. కాగితం బిల్లు పోగొట్టుకున్నందుకు ఆవిడే నాకు సంజాయిషీ చెప్పుకుంది. ఆ మాట గుచ్చుకుంది.

సెప్టెంబరు 26. శుక్రవారం

దసరా రద్దీ. మర్రిపాలెం నుంచి ఒక పెద్దావిడ, చేతిలో గుడ్డసంచి. పండక్కి పిండివంటల సరుకంతా కొంది. బిల్లు అయ్యాక పాయింట్లు వాడుకుంటానంది. ఓటీపీ వెళ్లింది, డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోనుకి. కార్డు తీసుకున్నప్పుడు కొడుకు పక్కనే ఉండి తన నంబరు ఇచ్చాడట. ఇక్కడ పగలు పదకొండు, అక్కడ అర్ధరాత్రి దాటింది. "బాబు పడుకునుంటాడమ్మా, నేపకూడదు. పోన్లే, మళ్లీ వొచ్చినప్పుడు తీసుకుంటాను" అని వెళ్లిపోబోయింది. పాయింట్ల గడువు సెప్టెంబరు 30. ఆవిడకి తెలీదు. నాకు తెలుసు, స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తోంది.

ఆపి కూర్చోబెట్టాను. నంబరు మార్చే ఫారం నింపించాను. మార్పు అమల్లోకి రావాలంటే పాత నంబరుకి మళ్లీ ఓటీపీ వెళ్లాలి! మేనేజరు గారికి ఫోన్ చేసి, ఆయన తన అధికారంతో అంత విలువకి తగ్గింపు వేసేలా ఒప్పించాను. ఒప్పుకున్నారు, మంచి మనిషి. కానీ ఆయన సెలవులో ఉండుంటే?

విశాఖలో ఇలాంటి ఇళ్లు ఎన్ని! పోర్టులోనో, షిప్‌యార్డులోనో, రైల్వేలోనో, స్టీలు ప్లాంటులోనో చేసి రిటైరై, పిల్లల్ని దూరదేశాలు పంపి, ఇద్దరే మిగిలిన ఇళ్లు. అన్నిటికీ పిల్లల నంబర్లే. ఓటీపీ పద్ధతి పెట్టినవాళ్లు దొంగతనం ఆపడానికే పెట్టారు, అందులో తప్పు లేదు. ఇంతకు ముందు కౌంటర్లోనే ఎవరి నంబరో కొట్టి వాళ్ల పాయింట్లు కాజేసిన సంఘటనలు మా లైన్లో అందరికీ తెలుసు. కానీ ఒక తలుపు మూసినప్పుడు ఇంకో తలుపు తెరవాలి. నాలుగంకెల పిన్ చాలు, కార్డు మీద ఫొటో చాలు. నేవీ కుటుంబాలు క్యాంటీన్ స్మార్ట్ కార్డు ఎన్నేళ్లుగానో వాడుతున్నాయి, ముసలివాళ్లు కూడా ఇబ్బంది లేకుండా వాడుతున్నారు.

బిల్లింగ్ కుర్రాడు పక్కనే నిలబడి అంతా చూశాడు. వెనక లైను పెరుగుతున్నా విసుక్కోలేదు. అతనికి గంటకి ఇన్ని బిల్లులని లెక్క ఉంటుంది. ఆవిడకి సంచి ఎత్తిపెట్టి ఆటోదాకా వెళ్లొచ్చాడు. అది ఏ లెక్కలోకీ రాదు.

అక్టోబరు 5. ఆదివారం

వారాంతపు సెలవు దొరకడమే అరుదు. కూర్మన్నపాలెం అక్క ఇంటికి వెళ్లాను. బావగారు ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. సాయంత్రం అక్కతో పాటు సందు చివర కొట్టుకి వెళ్లాను, చింతపండు కోసం.

షావుకారు గారికి డెబ్భై దగ్గర్లో ఉంటాయి. గల్లాపెట్టె పక్కన ఎర్ర అట్ట పద్దు పుస్తకాలు. పక్కనే యూపీఐ స్టాండు, పలికే స్పీకరు. ఆయనకి టెక్నాలజీ అంటే భయమేమీ లేదు. 2024లో ప్లాంటు డబ్బుకి కటకటలాడి జీతాలు విడతలుగా పడిన నెలల గురించి అడిగాను. ఆ ఏడాది కూర్మన్నపాలెంలో, గాజువాకలో, వడ్లపూడిలో ఏ కొట్టయినా అదే కథ అన్నారు. సగం జీతం పడితే సగం బాకీ తీర్చేవారు, మిగతాది పద్దులో. ఎవరినీ ఆపలేదట. "ఈళ్ల నాన్నలు భూములిచ్చిన కాణ్ణించి నాకు తెలుసు గదమ్మా. ఉక్కు ఎక్కడికి పోతాది, ఈళ్లెక్కడికి పోతారు?" అన్నారు. ఈ ఏడాది జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఒప్పుకున్నాక కాస్త ఊపిరాడిందని, అయితే కాంట్రాక్టు పని పోయిన కుటుంబాల పద్దులు ఇంకా అలాగే ఉన్నాయని చెప్పారు. ఆయన సరుకు తెచ్చుకునే హోల్‌సేల్ వ్యాపారి ఆయనకి గడువిస్తేనే ఆయన వీళ్లకి ఇవ్వగలిగారు. ఆ గొలుసులో ఎవరి దగ్గరా కార్డు లేదు.

1966లో ఉక్కు కోసం ప్రాణాలు పోగొట్టుకున్న ఊరు ఇది. 1971లో ప్లాంటుకి శంకుస్థాపన జరిగితే 1992లో జాతికి అంకితమైంది. అంత కాలం ఎదురుచూసిన నేల మీద కొట్టు పెట్టుకున్నవాడికి నెలో రెండు నెలలో ఆగడం పెద్ద విషయం కాదేమో.

నేను పనిచేసే చోట కూడా ఆ నెలల్లో గాజువాక వైపు అమ్మకాలు తగ్గినట్టు రిపోర్టులో కనిపించింది. సిస్టం ఏం చేసింది? కొనుగోలు తగ్గిన నంబర్లన్నిటికీ "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని మెసేజీలు పంపింది, 2,000 కొంటే 100 తగ్గింపు అని. జీతం పడని ఇంటికి ఆ మెసేజీ వెళ్లింది. వాళ్లు ఎందుకు రావడం లేదో అడిగే మనిషి ఎక్కడా లేడు. నేను అప్పిమ్మనడం లేదు, పెద్ద షాపు అప్పు ఇవ్వలేదు, దాని లెక్కలు వేరు. కానీ ఒక ప్రాంతమంతా ఒక్కసారిగా కొనడం మానేస్తే అది వార్త. ఆ వార్త తెలిసిన సిస్టం, కనీసం ఆ ప్రాంతం వాళ్ల పాయింట్ల గడువు ఒక ఆరు నెలలు పొడిగించి ఉంటే, ఖర్చెంత?

అక్కకి చింతపండు తూచి, అడక్కుండానే గుప్పెడు కొసరు వేశారు. ఎప్పుడైనా వాడుకోవచ్చు, గడువు లేదు.

అక్టోబరు 18. శనివారం, ధనత్రయోదశి

బంగారం పదిగ్రాములు లక్షా ఇరవై వేలు దాటిపోయినా కురుపాం మార్కెట్లో మనిషి మీద మనిషి. వన్ టౌన్ ఇరుకు వీధుల్లో బండి పెట్టే చోటు లేదు. నేను నెలనెలా కడుతున్న బంగారం స్కీము పూర్తయింది, చిన్న గొలుసు తీసుకున్నాను.

తెలుగింటి ఆడవాళ్లకి బాగా తెలిసిన లాయల్టీ పథకం ఇదే. పదకొండు నెలలు కట్టు, షాపువాడు కొంత కలుపుతాడు, లేదా తరుగులో తగ్గిస్తాడు. పన్నెండో పద్నాలుగో కాక పదకొండే ఎందుకని మా తోడికోడలు అడిగింది. 2014లో వచ్చిన కంపెనీల డిపాజిట్ల నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లోపు సరుకు ఇచ్చి చెల్లు చేయాలి, దాటితే అది డిపాజిట్ అవుతుంది, దాని నియమాలు వేరు. అంతకు ముందు రెండేళ్లు, మూడేళ్ల స్కీములు కూడా నడిచేవి. చట్టం గడువు పెట్టాక స్కీములన్నీ ఏడాదిలోపుకి ముడుచుకున్నాయి.

ఈ పథకంలో నాకు నచ్చేది, చేరే రోజునే చివర ఏం చేతికొస్తుందో తెలుసు. పుస్తకం నా దగ్గర ఉంటుంది, ప్రతి నెలా సంతకం ఉంటుంది. మధ్యలో నియమం మార్చలేరు. మా పాయింట్లలో ఇవేమీ లేవు. వందకి ఎన్ని పాయింట్లో, పాయింటు విలువ ఎంతో, ఏ సరుకు మీద రావో కంపెనీ ఎప్పుడైనా మార్చవచ్చని వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. మార్చారు కూడా, నేను చూస్తుండగానే.

బంగారం స్కీములోనూ ప్రమాదం ఉంది. మనం కట్టేది అప్పు కిందే లెక్క, షాపు మూతపడితే మిగతా అప్పిచ్చినవాళ్ల వెనక మనం నిలబడాలి. తోడికోడలికి అది గట్టిగా చెప్పాను. ఒకే షాపులో ఇంటిల్లిపాదీ కట్టొద్దని.

అక్టోబరు 28. మంగళవారం

మొంథా తుపాను. పొద్దున్నించి ఎడతెరిపి లేని వాన. రాత్రికి కాకినాడ దగ్గర తీరం దాటుతుందంటున్నారు. బళ్లకి సెలవు. మధ్యాహ్నం షాపు మూసి అందర్నీ ఇళ్లకి పంపేశారు, మంచి పని చేశారు. నిన్నంతా కొవ్వొత్తులు, పాలు, బ్రెడ్డు, నీళ్ల క్యాన్లు, బ్యాటరీలు. పదినిమిషాల డెలివరీ యాప్‌లు కూడా మా వీధికి ఇవాళ రాలేదు. రాకపోవడమే నయం, ఆ వానలో బండి మీద పిల్లల్ని తిప్పడమేంటి.

హుద్‌హుద్ గుర్తొస్తుంది, ఈ ఊళ్లో ఎవరికి గుర్తు రాదు? 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. కైలాసగిరి మీద పచ్చన లేకుండా పోయింది. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు లేవు. అప్పుడు నేను పనిచేస్తున్న షాపులో గోడౌన్ నిండా సరుకు. అమ్మడానికి లేదు, సిస్టం లేస్తేనే బిల్లు, బిల్లు ఉంటేనే అమ్మకం. జనరేటర్‌కి డీజిల్ దొరకలేదు. బయట జనం నిలబడి అద్దాల్లోంచి లోపలికి చూశారు. పాల పొడి డబ్బాలు కనిపిస్తున్నాయి, చంటిబిడ్డల తల్లులు అడుగుతున్నారు, మాకు అమ్మే అధికారం లేదు. చేతిరాత బిల్లు పుస్తకం ఒక్కటి ఉంచి ఉంటే సరిపోయేది. మా మర్రిపాలెం సందులో కొట్టాయన సగం షట్టరు ఎత్తి కొవ్వొత్తి వెలుగులో రాసుకుంటూ ఇచ్చాడు. అందరూ అలా చేశారని రాయలేను. పాల ప్యాకెట్టు రెట్టింపుకి, అంతకు మించి అమ్మినవాళ్లూ ఇదే ఊళ్లో ఉన్నారు. రైతు బజార్లలో ప్రభుత్వం కూరగాయలు తెప్పించి తక్కువకి ఇచ్చాక గానీ వాళ్లు దిగిరాలేదు.

పదకొండేళ్లలో నేర్చుకున్నది లేకపోలేదు. ఇప్పుడు మా దగ్గర నెట్ పోయినా ప్రతి కౌంటరూ తనంతట తానే బిల్లు కొడుతుంది, లైను వచ్చాక సర్వర్‌కి పంపుకుంటుంది. నిన్న సాయంత్రం ఒక గంట లైను పోయింది, ఒక్క బిల్లు ఆగలేదు. పాయింట్లు జమ అయ్యాయి కూడా. వాడుకోవడానికి మాత్రం కుదర్లేదు, దానికి సర్వరు కావాలట. తుపాను ముందు రోజు నూటయాభై రూపాయలు ఎవరికి అవసరమో వాళ్లకే కుదర్లేదు. చిన్న మొత్తాల వరకు ఆఫ్‌లైన్‌లో వాడుకోనిస్తే నష్టం ఎంతొస్తుందో రేపు ఐటీ వాళ్లని అడగాలి.

కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. కరెంటు పోయింది. టార్చి వెలుగులో రాస్తున్నాను, ఆపుతాను.

నవంబరు 9. ఆదివారం

మా అమ్మాయి సీఏ చదువుతోంది. పాయింట్లని లెక్కల్లో ఎలా చూపిస్తారో ఇవాళ నాకు చెప్పింది. ఇండ్ ఏఎస్ 115 అనే ప్రమాణం, 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నేను వంద పెట్టి సరుకు కొంటే అందులో కొంత సరుకు ధర, కొంత ముందు ముందు నాకివ్వాల్సిన పాయింట్ల ధర. ఆ రెండో భాగాన్ని కంపెనీ ఆదాయంగా వెంటనే రాసుకోకూడదు. బాకీ కింద చూపించాలి, నేను వాడుకున్నప్పుడో గడువు తీరినప్పుడో ఆదాయంలోకి తీసుకోవాలి. ఎంతమంది వాడుకోకుండా వదిలేస్తారో ముందే అంచనా కట్టి ఆ మేరకు బాకీ తగ్గించుకోవచ్చు కూడా.

అంటే పాయింట్లు బహుమతి అని మేము కౌంటర్లో చెప్తున్న మాట లెక్కల పుస్తకం ఒప్పుకోదు. అవి కొన్నవాళ్ల డబ్బే, మా దగ్గర ఉన్న బాకీ. ఆ మర్రిపాలెం పెద్దావిడ అడిగింది తన డబ్బు. ఈ ఒక్క సంగతి డెస్కులో పిల్లలకి చెప్తే వాళ్లు మాట్లాడే తీరే మారుతుంది. రేపు బ్రీఫింగ్‌లో చెప్తాను.

బాకీ ఉన్నవాడు ఊళ్లో ఉండాలి కదా. ఈ ఇరవై ఏళ్లలో ఎన్ని బోర్డులు మారాయో! త్రినేత్ర మోర్ అయింది. చెన్నైలో పుట్టి దేశంలో సుమారు 1,600 కొట్లు తెరిచిన సుభిక్ష 2009లో కుప్పకూలింది. 2022 ఫిబ్రవరిలో బిగ్ బజార్ బోర్డులు దిగడం మొదలైంది, జులైలో దాని కంపెనీ ఫ్యూచర్ రిటైల్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. 2024లో స్పెన్సర్స్ దక్షిణాదిని, ఢిల్లీ పరిసరాల్ని వదులుకుంది. బిగ్ బజార్‌లో వచ్చిన పేబ్యాక్ పాయింట్లు మాత్రం షాపు పోయినా బతికాయి, ఎందుకంటే అవి ఒక్క షాపువి కావు. ఐ-మింట్‌గా మొదలైన ఆ పథకం పేబ్యాక్ అయి, 2021లో భారత్‌పే చేతికెళ్లి, జిలియన్ అయింది. ఎన్ని చేతులు మారినా కొన్నవాడి చిట్టా దాంతోపాటే వెళ్లింది. అది మంచో చెడో నాకింకా తేలలేదు.

డీమార్ట్ పాయింట్ల జోలికే పోలేదు. రోజూ ఎమ్మార్పీ కన్నా తక్కువకి అమ్మడమే దాని పద్ధతి. 2002లో ముంబై పొవయ్‌లో మొదలైనప్పటినుంచి అదే మాట. లైన్లు పెద్దవి, సరుకు మనమే మోసుకోవాలి, అయినా ఆదివారం సాయంత్రం చూడండి. గుర్తుంచుకోమని ఎవరినీ అడక్కుండానే జనం గుర్తుపెట్టుకుంటున్నారు.

ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే ఊళ్లో 1844లో నేతపనివాళ్లు, ఇతర కార్మికులు కలిసి సొంత కొట్టు పెట్టుకున్నారు. ఎవరు ఎంత కొంటే లాభంలో అంత వాటా. అమ్మాయి పుస్తకంలో ఉంది. కొన్నదాన్ని బట్టి తిరిగి ఇవ్వడమనే ఆలోచన అక్కడినుంచే ఊళ్లూళ్లకీ పాకింది. తూకంలో మోసం, పిండిలో కల్తీ భరించలేక పెట్టుకున్న కొట్టు అది. 1995లో టెస్కో క్లబ్‌కార్డు తెచ్చేసరికి, అదే దేశంలో, షాపుకి కావలసింది వేరే అయింది. ఎవరు ఏం కొంటున్నారో తెలుసుకోవడం. వాటా ఇవ్వడం అలాగే ఉంది, దానికి బదులు అడిగేది మారింది.

నవంబరు 16. ఆదివారం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు వచ్చాయి. చట్టం 2023 ఆగస్టుది. ముఖ్యమైన బాధ్యతలు పాటించడానికి కంపెనీలకి పద్దెనిమిది నెలలు గడువట. అంటే 2027 మే. ఎందుకు తీసుకుంటున్నామో స్పష్టంగా చెప్పి, ఒప్పుకుంటేనే నంబరు తీసుకోవాలి. వద్దంటే చెరిపేయాలి.

మా పిల్లలకి బిల్లుల్లో ఎంత శాతం నంబర్లు పట్టారని రోజూ లెక్క అడుగుతారు. నంబరు ఇవ్వకపోతే బిల్లు వేయం అని అనకూడదని 2023 మేలోనే వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. ఆ మాట తెలిసిన కస్టమర్లు తక్కువ, తెలిసిన క్యాషియర్లు ఇంకా తక్కువ. కస్టమరు ఇవ్వనంటే పాపం పిల్లలు పదిసార్లు తొమ్మిది కొట్టేస్తారు, లేదా తమ పెద్దమ్మ నంబరు. శాతం నిండుతుంది. హెడ్డాఫీసులో ఎవరో కూర్చుని ఆ పెద్దమ్మగారు రోజుకి ముప్ఫైసార్లు డైపర్లు కొంటున్నారని చూస్తూ ఉంటారు. అలాంటి చిట్టా మీద ఆఫర్లు తయారవుతాయి. నమ్మకంతో ఇచ్చినవాళ్ల నంబరు కూడా ఆ చెత్తలో కలిసిపోతుంది.

నేను మేనేజరు గారితో అన్నాను, శాతం తీసేయండి, నంబరు ఇచ్చినవాళ్లకి దానివల్ల ఒక్క నిజమైన మేలు చేయండి అని. బిల్లు పోయినా సరుకు తిరిగి తీసుకుంటాం అని బోర్డు పెట్టండి. జనం వాళ్లంతట వాళ్లే నంబరు ఇస్తారు. "పైకి రాసి ఇవ్వండి" అన్నారు.

డిసెంబరు 7. ఆదివారం

కైలాసపురం మీదుగా వచ్చాను. పోర్టు స్థలంలో ఇనార్బిట్ మాల్ లేస్తోంది, 600 కోట్ల ప్రాజెక్టు, 2023 ఆగస్టు 1న శంకుస్థాపన. బీచ్ రోడ్డులో లులు మాల్ మాట కూడా మళ్లీ వచ్చింది. 2018లో మొదలై, 2019లో ఆగి, ఇప్పుడు తిరిగి స్థలం ఇచ్చారు. వేల ఉద్యోగాలంటున్నారు. మా డెస్కులో పిల్లలిద్దరు అప్పుడే దరఖాస్తుల గురించి మాట్లాడుకుంటున్నారు. వెళ్లమనే చెప్తాను. వాళ్లకి అక్కడ రిటర్న్ కౌంటరు ఎక్కడ పెడుతున్నారో కనుక్కోండని కూడా చెప్తాను. మా దగ్గర అది పార్కింగ్ మెట్ల కింద, ఏసీ గాలి తగలని మూల.

డిసెంబరు 24. బుధవారం

జాతీయ వినియోగదారుల దినం. 1986లో ఇదే రోజు మొదటి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చింది, 2020 జులై 20 నుంచి అమలు. బ్రీఫింగ్‌లో పిల్లలకి అందులోంచి మూడు సంగతులు చెప్పాను. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకుని బిల్లు మీద రాసిన గడువులో, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లో, తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం, నమ్మి ఇచ్చిన వివరాలు వేరేవాళ్లకి అందించడం. మూడూ అన్యాయ వ్యాపార పద్ధతులే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న స్టిక్కరు లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. సంచీకి ముందుగా చెప్పకుండా కౌంటర్లో డబ్బు వేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో ఒక పెద్ద గొలుసు షాపు కేసులోనే చెప్పింది. ఇవన్నీ కస్టమర్లకి చెప్తే మనమీదే కేసులేస్తారు కదా మేడం అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మన దగ్గరే తేలిపోతే వాళ్లు ఇంకెక్కడికీ వెళ్లరు, వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు అన్నాను.

పైకి రాసిన కాగితం ఇవాళ ఇచ్చాను. ఒకటే పేజీ. డెస్క్ లాగిన్‌కి, కస్టమరు ఒప్పుకుంటే, అతని నంబరు మీద ఉన్న ఆరు నెలల బిల్లులు చూసే అనుమతి. అయిదొందల లోపు వాపసుకి పైవాళ్ల సంతకం అక్కర్లేకుండా డెస్కులో ఉన్న పిల్లే నిర్ణయించే అధికారం. అరవై దాటినవాళ్లకి ఓటీపీ బదులు పిన్. గడువు తీరబోయే పాయింట్ల గురించి ముప్ఫై రోజుల ముందు తెలుగులో మెసేజీ. రిటర్న్ కౌంటరు కింది అంతస్తులో, బిల్లింగ్ పక్కకి.

మేనేజరు గారు అక్కడే చదివారు. పిన్ గురించి రీజనల్ ఆఫీసు సరేనంటుందన్నారు. కౌంటరు జరపడానికి చోటు కావాలి, అక్కడ ఇప్పుడు క్రెడిట్ కార్డుల స్టాలు ఉంది, దాని అద్దె వస్తుంది, అది కష్టమన్నారు. అయిదొందల అధికారం దగ్గర పెన్ను ఆపారు. "పిల్లలు తప్పుగా ఇస్తే ఆ నష్టం ఎవరిది?" అన్నారు. పోయిన ఏడాది తిరిగొచ్చిన సరుకులో అయిదొందల లోపువి ఎన్ని, వాటిలో మనం కాదన్నవి ఎన్ని, వాటికోసం తిరిగిన మెయిళ్లెన్ని, ఒక్కో మెయిలుకి ఇద్దరి టైం ఎంత, ఆ లెక్క ముందు చూద్దాం సార్ అన్నాను. జనవరి 5 సోమవారం ఫైనాన్స్ వాళ్లతో కూర్చోబెడతానన్నారు.

రిటర్న్ రిజిస్టర్లు స్టాకు రూంలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఎప్పుడూ ఎవరూ సిస్టంలోకి ఎక్కించలేదు. రేపు క్రిస్మస్ రద్దీ, కుదరదు. శుక్రవారం నుంచి రోజూ డ్యూటీ అయ్యాక ఒక గంట కూర్చుని ఎక్కించాలి. అమ్మాయి ఎక్సెల్ షీటు చేసి పెట్టింది: తేదీ, సరుకు, ధర, కారణం, మనం ఏం చెప్పాం, వాళ్లు మళ్లీ వచ్చారా లేదా.